మూడు రోజుల మైలవాళ్ళు

నేను జువాలజీ లెక్చరర్ని. అనకాపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను. నా పేరు దేవీప్రసాద్ అయినా పిల్లలు చాటున నన్ను "తనిఖీ ఆఫీసరు" అంటారు. మూడో ఏడాది వాళ్ళకి చెప్పే ఒక పాఠం వల్ల వచ్చిన పేరది. ఆ పాఠమంటే నాకు మహా గర్వం. నేను చెప్పబోయేది ఆ గర్వం సంగతే కాబట్టి ముందు పాఠం చెప్పేస్తాను, రెండు నిమిషాలు ఓర్చుకోండి.

మన ఒంట్లో పీ-53 అనే ప్రోటీన్ ఒకటుంది. దాని పని కాపలా. కణంలో డీఎన్ఏ దెబ్బతింటే, ఆ దెబ్బ కేన్సరుగా మారకుండా ఏ జన్యువుని లేపాలో, ఏ జన్యువుని పడుకోబెట్టాలో అది చూసుకుంటుంది. ప్రోటీన్ ఒక్కటే అయినా ఒక్కో రకం కణంలో ఒక్కోలా నడుచుకుంటుంది. ఎండ తగిలిన చర్మంలో రంగు పెంచమంటుంది. రక్తం తయారయ్యే చోట దెబ్బతిన్న కణాన్ని చచ్చిపొమ్మంటుంది. ఇంకోచోట, ఆగు, బాగుచేసుకున్నాకే పెరుగు అంటుంది. అన్ని కణాల్లోనూ డీఎన్ఏ ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకని పిల్లలు అడగాలి. అడగరు. నేనే అడిగి నేనే చెబుతాను. డీఎన్ఏ ఒకటే గానీ, ఒక్కో రకం కణంలో కొన్ని భాగాలే తెరిచి ఉంటాయి, మిగతావి మడతపెట్టి మూసి ఉంటాయి. పీ-53 చాలావరకు తెరిచి ఉన్నచోటే పట్టు దొరకబుచ్చుకుంటుంది, పక్కన సాయానికి ఎవరున్నారో కూడా చూసుకుంటుంది.

ఇంతవరకు చెప్పేసరికి సగం క్లాసు ఆవలిస్తుంది. అప్పుడు నా తనిఖీ ఆఫీసరు దిగుతాడు. ఊరంతటికీ ఆయన ఒక్కడే. హోటల్‌కెళ్తే వంటగది చూస్తాడు, బడికెళ్తే హాజరుపట్టీ చూస్తాడు, బెల్లం మార్కెట్టుకెళ్తే కాటా చూస్తాడు. అలాంటివాడు పాడైపోయాడనుకోండి, అని ఇక్కడ నేను గొంతు తగ్గిస్తాను. హోటల్లో తిన్నవాడికి వాంతులు, బడిలో దొంగ హాజరు, మార్కెట్లో దొంగ తూకం. వాంతులు పట్టినవాడు హోటల్‌ని తిడతాడు, తూకంలో పోయినవాడు వర్తకుణ్ణి తిడతాడు. రెండింటికీ మూలం ఒకే మనిషని ఎవడికీ తట్టదు. పీ-53 పుట్టుకతోనే చెడిపోయిన కుటుంబాల్లోనూ అంతే. ఒకరికి మెదడులో వస్తుంది, ఒకరికి రొమ్ములో, ఒకరికి ఎముకలో. ఇవన్నీ వేరువేరు రోగాలనుకుంటారు పాపం అమాయకులు. "అమాయకులు" అన్నమాట దగ్గర నేను చిన్నగా నవ్వుతాను, నాతోపాటు పిల్లలూ నవ్వుతారు.

ఇరవై ఆరేళ్ళు అలా నవ్వాను.

మా నాన్న సన్యాసిరావు నలభై రెండో ఏట తలలో గెడ్డతో పోయారు. అప్పటికి నాకు పదహారేళ్ళు, మా చెల్లెలు చిన్నమ్మలుకి పది. ఆ చెల్లెల్ని ఎస్. రాయవరం దగ్గర ఒక పల్లెలో త్రినాధరావుకిచ్చి చేశాం. చెరుకు రైతు, మాట తక్కువ మనిషి. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి చిన్నమ్మలుకి రొమ్ములో గెడ్డ తేలింది. విశాఖపట్నం ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను, చదువుకున్నవాణ్ణి కదా. అక్కడ డాక్టరమ్మ, ఇంత చిన్న వయసులో వచ్చిందేమిటని, పుట్టింటివైపు ఎవరికైనా కేన్సరుందా అని అడిగింది.

చిన్నమ్మలు నా మొహంలోకి చూసింది. "నాన్నకి తలలో వచ్చింది కదన్నయ్యా," అంది మెల్లగా.

"అది వేరు, ఇది వేరు," అన్నాను. డాక్టరమ్మ వైపు తిరిగి, "మా వైపు ఎవరికీ లేదు మేడం. నేను జువాలజీ లెక్చరర్ని," అని కూడా చేర్చాను. ఆవిడ లేదు అని రాసుకుంది.

ఆ నెలలోనే కాలేజీలో ఆ పాఠం చెప్పాను. తారీఖు నాకు గుర్తులేదు గానీ ఏటా ఆ నెలలోనే చెబుతాను. చెల్లెలికి ఆపరేషన్ చేశారు, మందులెక్కించారు, తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్ని మా వైపు అలాగే అంటారు. ఆ ప్రోటీన్ చెడిపోయిన ఒంటికి కరెంటు వీలైనంతవరకు మానుకోవాలని పుస్తకాల్లో ఉంది, నేను చదివిన పుస్తకాల్లోనే. డాక్టరమ్మకి సంగతి తెలిసుంటే ఇంకో దారి చూసేదేమో. చెప్పాల్సినవాణ్ణి పక్క కుర్చీలో కూర్చుని లేదన్నాను. ఏడాది తిరక్కుండా చిన్నమ్మలు పోయింది. అది జరిగి ఎనిమిదేళ్ళయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దకర్మ రోజున భోజనాలకి ముందు, బంధువులందరూ పందిట్లో ఉండగా, నా దుఃఖానికి ఎవరో ఒకరు దొరకాలి కాబట్టి బావ దొరికాడు. వసారాలో మేకుకి ఆయన మందుకొట్టే పంపు వేలాడుతోంది. దాన్ని చూసేసరికి నాకు పూనకం వచ్చింది.

"నా చెల్లిని చంపింది ఇదే బావా," అన్నాను పంపు చూపించి. "చేనుకి మందు కొట్టొచ్చి ఆ బట్టలు దానిచేత ఉతికించేవు. ఆ చేతుల్తోనే అన్నం కలుపుకున్నావు. ఇంట్లో పెట్టుకుని ఏళ్ళతరబడి విషం పెట్టేవు."

ఎవరో పెద్దాయన, ఊరుకో నాయనా, అలగనకు అన్నాడు. "నాకు తెలుసండీ, నేను చదువుకున్నవాణ్ణి!" అని ఆయన మీదా అరిచాను.

బావ తన చేతులు ముందుకు చాపి వాటివైపు చూసుకున్నాడు. స్తంభం పక్కన వాళ్ళమ్మాయి హాసిని నిలబడి ఉంది, అప్పటికి పదిహేనేళ్ళు. ఆ పిల్ల కూడా వాళ్ళ నాన్న చేతులవైపే చూసింది.

ఆ తర్వాత బావ పురుగుమందు ముట్టలేదు. చెరుకు తీయించేసి పొలమంతా సరుగుడు వేసేశాడు. తన బట్టలు తనే నూతి దగ్గర విడిగా ఉతుక్కునేవాడట, కూతుర్ని తాకనిచ్చేవాడు కాదట. ఎవరో చెబితే విన్నాను. విని, పోనీలే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నమాట నిజం.

కిందటేడు జనవరిలో మా అబ్బాయి మోహిత్‌కి మోకాలి పైన నొప్పి మొదలైంది. పంతొమ్మిదేళ్ళవాడు, వాలీబాల్ ఆడతాడు, ఎక్కడో బెణికిందనుకున్నాం. ఎముకలో కేన్సరన్నారు. కాలు తీసెయ్యకుండా, చెడిపోయిన ఎముక తీసి లోపల రాడ్డు వేశారు. వాడిప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, దేవుడి దయ. వయసు చూసి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు జన్యు పరీక్ష రాశారు. జూన్‌లో రిపోర్టు వచ్చింది. పీ-53 తయారుచేసే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం. నాకూ నా భార్య శ్రీదేవికీ కూడా రక్తం తీశారు. శ్రీదేవిది బాగుంది. లోపం నాది.

నాకింతవరకు ఏ రోగమూ రాలేదు. అందరికీ ఒకేలా రాదు, కొందరికి ఆలస్యంగా వస్తుంది. రిపోర్టు చూసి శ్రీదేవి నన్ను ఒక్కమాట తిట్టలేదు. "మీ పాఠం మనింటికే వచ్చిందండీ," అని మాత్రం అంది.

ఈ లోపం ఉన్న మనిషి పిల్లల్లో ఒక్కొక్కరికీ అది రావడానికి సగానికి సగం అవకాశం. అందుకని మిగతా కుటుంబాన్ని కూడా పరీక్ష చెయ్యాలి, వంశవృక్షం గీసి తెమ్మన్నారు ఆసుపత్రివాళ్ళు. గియ్యడమంటే నాకు సరదా. చార్టు పేపరు కొని, స్కేలు పెట్టి, మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, నల్లబోర్డు మీద గీసినంత నీటుగా గీశాను. తాతగారు, నాన్న, చిన్నాన్నలు, వాళ్ళ పిల్లలు, మా చిన్నాన్న కొడుకు ధనరాజ్ పిల్లలదాకా ముప్పై ఒక్క మందిని ఎక్కించాను. ఎవరినీ మర్చిపోకుండా ఉండాలని ఒక పద్ధతి పెట్టుకున్నాను. మా ఇంట్లో ఎవరైనా పోతే ఎవరెవరికి మైల ఉంటుందో ఆ వరస నాకు కంఠతా వచ్చు. ఒకే ఇంటిపేరున్న పాలివాళ్ళందరికీ పదకొండు రోజులు. ఇంటికొచ్చిన కోడళ్ళకీ పదకొండు. పెళ్ళిచేసి పంపిన ఆడపిల్లకి మూడే రోజులు, ఎందుకంటే ఆమె ఇంకో ఇంటిపేరు మనిషి. ఆ పదకొండు రోజుల వరసే మనసులో చదువుకుంటూ గీశాను. ఆసుపత్రివాళ్ళు ఆ చార్టు తీసుకుని అందులో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్లు చేశారు. సణుక్కుంటూనే వెళ్ళి రక్తమిచ్చొచ్చారు మా వాళ్ళు. ధనరాజ్ పెద్దకొడుకులో లోపం దొరికింది, ఇప్పుడు వాణ్ణి క్రమం తప్పకుండా స్కానులు తీసి చూస్తున్నారు. పెద్ద ఉపకారం చేశావన్నయ్యా అని ధనరాజ్ నా చేతులు పట్టుకున్నాడు.

జులైలో మళ్ళీ ఆ పాఠం వచ్చింది. ఒంట్లో బాగులేదని మానేద్దామనుకున్నాను గానీ అలవాటు కొద్దీ నిలబడ్డాను. ఆఫీసరు హోటల్‌కెళ్ళాడు, బడికెళ్ళాడు, పాడైపోయాడు. "ఒకరికి మెదడులో వస్తుంది, ఒకరికి రొమ్ములో," అన్నాను. చిన్నమ్మలు డాక్టరమ్మ గదిలో నా మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. నాన్నకి తలలో వచ్చింది కదన్నయ్యా అని పదో క్లాసు చదివిన మనిషి అన్నది. నేను కాదన్నాను. పిల్లలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, "అమాయకులు" అన్నమాట ఇంకా రాలేదని చూస్తున్నారు. బెల్లు కొట్టకముందే బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రమే బస్సెక్కి బావ దగ్గరికి వెళ్ళాలి. గంటంబావు ప్రయాణం. హాసినికి ఇరవై మూడేళ్ళు. వాళ్ళమ్మ నుంచి ఆ లోపం ఆ పిల్లకి వచ్చిందో లేదో చూడాలి. వస్తే ఈ వయసునుంచే ఏటా స్కాను తీయించుకుంటూ ఉండాలి, గెడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకుంటే బతుకుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. ఈ జిల్లాలో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎందరుంటారు?

వెళ్ళలేదు. హాసినికి చెప్పాలంటే బావకి చెప్పాలి. బావకి చెప్పాలంటే, పందిట్లో నీ మీద వేసిన నింద అబద్ధం, నా చెల్లెల్ని చంపింది మా ఇంటి రక్తమే అని చెప్పాలి. డాక్టరమ్మ అడిగితే నేను లేదన్నానని కూడా చెప్పాలి. ఆగస్టులో ఒకసారి ఫోన్ చేసి వానలెలా ఉన్నాయని అడిగాను. దసరాలకి మరోసారి చేసి, హాసిని ఉద్యోగం ఎలా ఉందని అడిగాను. అడ్డరోడ్డు అనే ఊళ్ళో ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేస్తోంది. "బాగానే ఉన్నాది బావా, నువ్వు ఫోన్ సేసేవు, అదే సాలు," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక, పరీక్షలయ్యాక వెళ్దాం, పంట నూర్పులయ్యాక వెళ్దాం అని వాయిదాలు వేసుకున్నాను. ఆయనకి నూర్పుల్లేవు, ఉన్నది సరుగుడు. మనిషి తనని తాను మోసం చేసుకోవడానికి అంత తెలివి అక్కర్లేదని అప్పుడు తెలిసింది. శ్రీదేవికి కూడా చెప్పలేదు.

ఫిబ్రవరిలో మోహిత్‌ని చూపించడానికి ఆసుపత్రికి వెళ్తే, కుటుంబాలతో మాట్లాడే గదిలో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. పావని. ఆరేళ్ళ కిందట నా దగ్గర చదువుకుంది, మొదటి బెంచీ.

"సార్, ఇక్కడికొచ్చే వాళ్ళందరికీ మీ తనిఖీ ఆఫీసర్నే చెబుతున్నాను. ఎంత చదువులేనివాళ్ళకైనా అర్థమైపోతాడు," అంది మెరిసిపోతూ.

నా చార్టు తీసి బల్లమీద పరిచింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి అడిగింది. "సార్, కోడళ్ళందర్నీ గీశారు. వాళ్ళకి మీ రక్తం లేదు కదా. మీ ఇంటి ఆడపిల్లలేరి?"

మోహిత్ పక్కనే ఉన్నాడు. "మేనత్త లేదేంటి డాడీ ఇందులో?" అన్నాడు.

"మర్చిపోయాను," అన్నాను.

పావని మా నాన్నగారి అక్కచెల్లెళ్ళ గురించి అడిగింది, ఇద్దరూ పసితనంలోనే పోయారు. చిన్నాన్నలకి అందరూ మగపిల్లలే. మా చెల్లెలి గురించి అడిగింది. ఎన్నో ఏట, ఎక్కడ వచ్చింది, పిల్లలున్నారా. చెబుతుంటే ఆ పిల్ల రాయడం ఆపేసింది. గురువుని తప్పు పట్టకూడదని గింజుకుంటోందని తెలుస్తూనే ఉంది. "సార్, ఆ అమ్మాయిని ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తీసుకురండి. నా నంబరుకి చెయ్యండి, ఏ రోజైనా సరే," అని తన ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చింది. నా కళ్ళలోకి చూడలేదు. నేనే నేర్పిన పాఠం ఆ పిల్ల నాకు అప్పజెప్పింది. కాలేజీలో ఎన్నో పరీక్షలు పెట్టాను గానీ ఇంత చిన్నబుచ్చిన పరీక్ష నేనెప్పుడూ రాయలేదు.

మర్నాడు రెండో శనివారం. స్కూలుకి సెలవు, హాసిని ఇంట్లో ఉంటుంది. పొద్దున్నే తుని బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి ఆటోలో వెళ్ళాను.

బావ వాకిట్లో సరుగుడు కర్రలు కట్ట కడుతున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచాడు. "ఏటి బావా, ఫోనైనా సెయ్యకుండా వచ్చేవు? మోహిత్ బాగున్నాడు గదా?"

"బాగున్నాడు."

"కూకో, కూకో. హాసినీ! మావయ్య వచ్చేడు, మంచినీళ్ళు పట్రా."

హాసిని నీళ్ళు తెచ్చింది. చిన్నమ్మలు పోలికే, ఆ నుదురు, ఆ నడక. ఆ పిల్ల మంచం పట్టెమీద కూర్చుంది. బస్సులో వల్లించుకున్న మాటలన్నీ పోయాయి. ఎలా మొదలుపెట్టానో నాకే తెలీదు. మోహిత్ రిపోర్టు, నా రక్తం, నాన్న తలలో గెడ్డ, చిన్నమ్మలుది, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్పాను. తనిఖీ ఆఫీసరు నోటిదాకా వచ్చాడు, మింగేశాను. ముందురోజు ఆసుపత్రిలో పావని హాసినిని తొందరగా తీసుకురమ్మందని చెప్పాను. డాక్టరమ్మ అడిగితే లేదన్న సంగతి చెప్పాను. పందిట్లో అన్నమాట గురించి చెప్పేటప్పుడు తలెత్తలేకపోయాను.

"మళ్ళీ సెప్పు బావా," అన్నాడు బావ.

"చిన్నమ్మలుకి పుట్టుకతోనే ఉంది బావా. మా నాన్న నుంచి వచ్చింది. నీ మందుల వల్ల కాదు."

"అయితే నాను సంపలేదా?"

"లేదు బావా."

"నా సేతుల్లోంచి రాలేదా అది?"

"లేదు."

ఆయన కర్రలకట్ట మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళాం పోయినప్పుడు కూడా అలా ఏడవడం నేను చూడలేదు. హాసిని లేచి వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యివేసి నిలబడింది. ఆ పిల్ల ఏడవలేదు, నన్నే చూస్తోంది.

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకునే వచ్చాను. కొంతసేపటికి ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. "ఇలగ ఎవరొచ్చి సెప్తారు బావా? తప్పయిపోనాదని ఎంతమంది ఒప్పుకుంటారు? తెలిసిన ఎంటనే పరిగెట్టుకొచ్చేవు. నువ్వు పెద్దమనిషివి," అన్నాడు.

తెలిసిన వెంటనే కాదు అని చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన కళ్ళలో నా మీద అంత ప్రేమ చూసి ఎన్నేళ్ళయిందో. తల ఊపాను. అవును, వెంటనే వచ్చాను అన్నట్టే ఊపాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతుంది.

"మరి ఈ గుంటకి కూడా సూపించాలంటావు. సూపిద్దాం. సోమారం ఎల్దాం," అంటూ ఆయన కత్తి అందుకున్నాడు. "ఎండన పడొచ్చేవు, బొండాలు కొట్టుకొత్తాను, తాగుదువుగాని." దొడ్లోకి వెళ్ళిపోయాడు, ఈల వేసుకుంటూ. బావ ఈల వేస్తాడని నాకు అంతవరకు తెలీదు.

ఆయన అటు వెళ్ళగానే హాసిని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మావయ్యా, సోమవారం దాకా ఆగక్కర్లేదు," అంది. గొంతు స్థిరంగానే ఉంది. "నాకు తెలుస్తంది. దీపావళికి ముందునుంచీ ఉంది." చున్నీ మీదనుంచి ఎడమవైపు చంక కింద చెయ్యిపెట్టి చూపించింది. "ముందు చిన్నదే. ఇప్పుడు గట్టిగా తగుల్తంది."

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"ఎవరికి చెప్పాలి? నాన్నకి చెప్తే మళ్ళీ తనవల్లే వచ్చిందనుకుంటాడు. అమ్మ పోయేక ఎన్నేళ్ళు సబ్బెట్టి చేతులు రుద్దుకున్నాడో నీకు తెలీదు మావయ్యా. తోలు ఊడిపోయేది. నన్ను దగ్గరకి రానిచ్చేవాడు కాదు. నాకు కూడా వచ్చిందని తెలిస్తే ఆ మనిషి బతకడు. అందుకే ఊరుకున్నాను. ఏదైతే అదే అవుతుందిలే అనుకున్నాను."

పందిట్లో నేనన్న మాటలు ఆ పిల్ల నోరు నొక్కేశాయి. జులైలో నేను వచ్చి ఉంటే ఆ గెడ్డ పుట్టినప్పుడే పట్టుకునేవాళ్ళు, పుట్టకముందే కాపలా కాసేవాళ్ళు. దీపావళికైనా వచ్చి ఉంటే ఆ పిల్ల అప్పుడే చెప్పేది. ఈ లెక్కలు కట్టడానికి నాకు ఏ చదువూ అక్కర్లేకపోయింది. "నన్ను క్షమించమ్మా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నువ్వేడిస్తే నాకు భయమేస్తంది మావయ్యా," అంది హాసిని.

బావ రెండు గ్లాసుల్లో కొబ్బరినీళ్ళు పట్టుకొచ్చాడు. మా ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటి? ఏటైంది?"

హాసిని తల దించుకుంది. చెప్పాల్సింది నేనే. చెప్పాను. గెడ్డ సంగతి, ఎన్నాళ్ళనుంచి ఉందో, ఎందుకు దాచిందో, అన్నీ చెప్పాను. ఆయన గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు. చివర, ఇందాక మింగేసిన మాట కూడా చెప్పాను.

"నాకు తెలిసింది నిన్న కాదు బావా. వెంటనే రాలేదు. జులైలోనే తెలిసింది."

"జులై," అన్నాడాయన. "అంటే, ఆకుమళ్ళు పోసిన రోజులు."

"అవును."

"వానలెలగున్నాయని ఫోన్ సేసేవు. అప్పటికి తెల్సా?"

"తెలుసు."

"దసరాకి సేసేవు. అప్పటికీ తెల్సా?"

"తెలుసు బావా. నీ మొహం చూడలేక రాలేదు."

ఆయన నా వైపు చూశాడు. ఇందాకటి ప్రేమ ఎక్కడా లేదు. కోపం కూడా లేదు. నా కోసం తెచ్చిన గ్లాసు కూతురి చేతిలో పెట్టి, తాగమ్మా అన్నాడు. రెండోది కూడా ఆ పిల్ల పక్కనే పెట్టాడు. లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని, ఆ పిల్ల చెప్పులు తనే తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

నేను ఇంకా మంచం మీదే కూర్చుని ఏడుస్తున్నాను. ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కారు మాట్టాడు బావా," అన్నాడు. "ఆ పావనికి ఫోన్ సెయ్యి. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని."

నేను లేచి ఫోన్ తీశాను.